డబ్బా మీద ఆకు బొమ్మ ఉంటే సరిపోతుందా?

సేంద్రియ సాగులో వాడే ఎరువులకీ మందులకీ ఆమోదం ఇచ్చే చోట ఇరవై రెండేళ్లు ఫైళ్లు చూశాను. రిటైరయ్యాను గానీ, డబ్బా కనిపిస్తే వెనక్కి తిప్పి చదివే జబ్బు మాత్రం పోలేదు. పోయిన నెల ఇదే శీర్షికలో "మీరు వాడే సరుకుల గురించి సందేహాలుంటే రాయండి" అని ఒక్క ముక్క అన్నందుకు ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొందరు లేబుళ్లు చింపి పంపారు. ఒకాయన ఏకంగా సీసాలో పోసి పంపారు. అది దారిలో కారిపోయి, మిగతా ఉత్తరాలకి కూడా చేపల వాసన అంటించింది. పేరు వేయొద్దన్నవాళ్లే ఎక్కువమంది, అందుకని ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: ద్రవ ఎరువు డబ్బా మీద 'ఆర్గానిక్' అని అరచేయంత అక్షరాలున్నాయి. పచ్చటి ఆకు బొమ్మ ఉంది. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉంది. అయినా తనిఖీకి వచ్చినాయన ఇది వాడితే సర్టిఫికెట్ రాదన్నారు. తెలియక అన్నారా?

జవాబు: తెలిసే అన్నారు. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో, ఆ ఆకు బొమ్మలో ఆమోదం అంత.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. రసాయన శాస్త్రంలో ఆర్గానిక్ అంటే కార్బన్ ఉన్న పదార్థం. ఆ లెక్కన యూరియా కూడా ఆర్గానిక్కే. 1828లో వోలర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ప్రయోగశాలలో తయారు చేసి చూపించింది ఆ యూరియానే. ఎరువుల వ్యాపారంలో ఈ మాటని ఈ అర్థంలోనే వాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు అబద్ధమాడుతున్నారని అనలేం, మీకు కావలసిన నిజం మాత్రం చెప్పడం లేదు.

ఇక ప్రభుత్వ నంబరు. ఆ సరుకు అమ్మడానికి అనుమతి ఉందని దానర్థం. లేబుల్ మీద రాసినంత పోషకం ఉందా, పురుగుమందైతే దాని ప్రమాదం ఎంత, ఇలాంటివి చూసి ఇస్తారు. సేంద్రియ నియమాలకి సరిపోతుందా లేదా అన్నది చాలా చోట్ల వాళ్ల పని కాదు. అది చూసేవాళ్లు వేరు. కొన్ని దేశాల్లో మీ పొలానికి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థే చూస్తుంది. కొన్ని చోట్ల దానికోసమే పెట్టిన సంస్థలున్నాయి. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలో 1997లో మొదలైన ఓమ్రి అలాంటిదే. యూరప్‌లో స్విట్జర్లాండ్‌కి చెందిన ఫిబ్ల్ పరిశోధన సంస్థ ఇలాంటి జాబితాలు తయారు చేస్తుంది.

కాబట్టి డబ్బా మీద ఆకు బొమ్మ కోసం వెతక్కండి. ఏ నియమావళి కింద ఆమోదం, ఎవరిచ్చారు, ఎప్పటిదాకా చెల్లుతుంది, ఈ మూడూ రాసిన కాగితం అడగండి. అడిగితే విసుక్కునేవాడి దగ్గర కొనకండి.

ప్రశ్న: పొగాకు కషాయం ఆకు నుంచే కదా వచ్చేది. ప్రకృతి ఇచ్చినదాన్ని కూడా వద్దంటే ఎలా?

జవాబు: ప్రకృతి ఆర్సెనిక్ కూడా ఇచ్చింది. ముషిణి గింజల్లో స్ట్రిక్‌నిన్ కూడా ఇచ్చింది. పొగాకులోని నికోటిన్ చర్మం గుండానే ఒంట్లోకి పోతుంది, పిచికారీ చేసేవాళ్లకే ముందు కళ్లు తిరుగుతాయి. రోటెనోన్ అని ఇంకొకటి ఉంది, చిక్కుడు కుటుంబానికి చెందిన కొన్ని మొక్కల వేళ్ల నుంచి వస్తుంది. సేంద్రియ రైతులు దశాబ్దాలపాటు వాడారు. నీళ్లలో పడితే చేపలు చచ్చిపోతాయి. ఎలుకల మీద ప్రయోగాల్లో పార్కిన్సన్స్ జబ్బు లాంటి లక్షణాలు కనిపించాయి. ఇప్పుడు అమెరికా నియమాల్లో ఇవన్నీ నిషేధిత సహజ పదార్థాల కిందే ఉన్నాయి.

నియమం ఎలా నడుస్తుందో చెబుతాను, ఇది అర్థమైతే సగం ఉత్తరాలకి జవాబు దొరికినట్టే. అమెరికాలో 1990 నాటి చట్టం కింద వచ్చిన నియమాలు 2002 అక్టోబరు నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చాయి. అక్కడ సహజమైనవన్నీ సరే, వద్దని జాబితాలో రాసినవి తప్ప. కృత్రిమమైనవన్నీ వద్దు, సరేనని జాబితాలో రాసినవి తప్ప. ఒకే జాబితాకి రెండు తలుపులన్నమాట. యూరప్‌లో మాత్రం ఒకే తలుపు. ఎరువైనా మందైనా జాబితాలో పేరుంటేనే లోపలికి, సహజమైనా సరే. 2022 జనవరి 1 నుంచి వాళ్ల కొత్త నియమావళి నడుస్తోంది. అంతర్జాతీయంగా చూస్తే 1999లో కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ వాళ్లు మార్గదర్శకాలు రాశారు, చాలా దేశాలు వాటినే ముందు పెట్టుకుని తమవి రాసుకున్నాయి.

జాబితాలో పేరు చేర్చమని అమెరికాలో ఎవరైనా అర్జీ పెట్టుకోవచ్చు. పదిహేనుమంది ఉన్న బోర్డు చూస్తుంది, అందులో నలుగురు రైతులు. మూడింట రెండు వంతుల ఓట్లు పడాలి. పడినా శాశ్వతం కాదు, ఐదేళ్లకోసారి మళ్లీ విచారణ ఉంటుంది. ఇది నాకు నచ్చే పద్ధతి. ఒకసారి సరే అన్నాం కదా అని ఎప్పటికీ సరే అనకుండా ఉండటం మంచిదే.

ప్రశ్న: రాక్ ఫాస్ఫేట్ సరేనంటారు, సూపర్ ఫాస్ఫేట్ వద్దంటారు. రెండూ ఒకే రాయి కదండీ?

జవాబు: ఒకే రాయే. రాయిని దంచి పొడి చేస్తే సరే. అదే పొడి మీద సల్ఫ్యూరిక్ యాసిడ్ పోస్తే వద్దు. దంచితే రాయి చిన్నదవుతుందే గానీ రాయిగానే ఉంటుంది. యాసిడ్ పడ్డాక అది వేరే పదార్థం, నీళ్లలో ఇట్టే కరుగుతుంది, మొక్కకి నేరుగా అందుతుంది. సేంద్రియ సాగు మొదటి నుంచీ మేపుదామన్నది నేలని, మొక్కని నేరుగా కాదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పెద్దాయన ఒకరు నా బల్ల మీద తెల్లకాగితం పెట్టి నిలువుగా గీత గీశారు. ఎడమవైపు 'ఏమిటి', కుడివైపు 'ఎలా' అని రాశారు. "ఎడమవైపు అందరూ నింపుతారమ్మా, నీ జీతం కుడివైపుకే" అన్నారు. ఆ గీత నా చివరి ఫైలు దాకా ఉంది. సముద్రపు నాచు ఏమిటో అందరికీ తెలుసు. దాని నుంచి సారం ఎలా తీశారు? ఊరికే నీళ్లలో మరిగిస్తే పెద్దగా రాదు, పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం వేస్తారు. వేయొచ్చు, కానీ సారం దిగడానికి ఎంత కావాలో అంతే. లేబుల్ మీద పొటాష్ అంకె మరీ ఎక్కువగా కనిపిస్తే ఆ క్షారం సారం కోసం వేశారా, అంకె కోసం వేశారా అని అడగాలి. చేపల ద్రావణం కుళ్లకుండా యాసిడ్ కలుపుతారు. అదీ ఒప్పుకుంటారు, పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.5కి దించడానికి ఎంత తక్కువలో సరిపోతుందో అంతవరకే. అంతకన్నా దిగిందంటే, ముఖ్యంగా ఫాస్ఫారిక్ యాసిడ్‌తో దిగిందంటే, నిల్వ కోసం కాదు, భాస్వరం అంకె పెంచడానికి. పీహెచ్ కాగితం ఒకటి ముంచితే బయటపడే సంగతి ఇది.

సున్నం సంగతి ఇంకా తమాషా. సున్నపురాయి పొడి నేలకి వేయొచ్చు. అదే రాయిని కాల్చి, నీళ్లు చల్లి చేసిన సున్నాన్ని అమెరికా నియమాల్లో నేలకి వేయకూడదు, తెగులు మందులో మాత్రం వాడొచ్చు. ఒకే బస్తా, పొలంలో ఒక మూల సరే, ఇంకో మూల వద్దు! మొదట్లో నాకూ ఇది చాదస్తంగా తోచింది. బోర్డో మిశ్రమంలో మైలుతుత్తంతో కలిపి ఆకు మీద పడేది కాస్త సున్నం, నేల ఆమ్లం తగ్గించడానికి వేసేది బస్తాలకి బస్తాలు. తేడా అక్కడుంది.

చేమంతి జాతి పువ్వు నుంచి వచ్చే పైరిత్రమ్ గురించి కూడా ఒక ఉత్తరం వచ్చింది. పువ్వు సారం సరే. ఒక్కటే కొడితే పురుగు కాసేపు పడిపోయి మళ్లీ లేస్తుంది కాబట్టి చాలా కంపెనీలు పైపెరోనిల్ బ్యుటాక్సైడ్ అనే కృత్రిమ తోడు మందు కలుపుతాయి. అది కలిసిందా, డబ్బా మొత్తం బయటికే. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, కళ్లజోడు పెట్టుకుని చదవండి.

ప్రశ్న: మీరంతా గదిలో కూర్చుని కాగితాలు చూసి ఆమోదిస్తారట. కంపెనీవాడు అబద్ధం రాస్తే మీకెలా తెలుస్తుంది?

జవాబు: ఘాటుగా అడిగారు, సంతోషం. నిజమే, పనిలో ఎక్కువ భాగం కాగితమే. ఫైల్లో ప్రతి దినుసు పేరు, ఎంత శాతం, ఎవరి దగ్గర కొన్నారు, ఆ అమ్మినవాడు దాన్ని ఎలా చేశాడు, అన్నీ ఉండాలి. దినుసులో దినుసు కూడా. పిండిలా కనిపించే నాచు పొడిలో కూడా గడ్డ కట్టకుండా ఏదో ఒకటి కలుపుతారు. సూక్ష్మజీవుల మందైతే ఆ జీవిని దేని మీద పెంచారు, జన్యుమార్పిడి చేసిందా అని కూడా చూస్తాం. ఒక్కో ఫైలు నెలలు పట్టేది అందుకే. "రహస్యం, చెప్పం" అనే కంపెనీలూ ఉంటాయి. రహస్యం మా దగ్గర దాచుకోవచ్చు, బయటికి పోదని సంతకం చేస్తాం. మాకు కూడా చెప్పనంటే ఫైలు మూసేయడమే.

అబద్ధం పట్టుకోవడానికి నాకు అన్నిటికన్నా పనికొచ్చింది కూడికలు, భాగహారాలే. ఒక ఫైలు సంగతి చెబుతాను. చేపల ద్రావణం. నీళ్లలా పల్చగా ఉంది, టీ డికాక్షన్ రంగు. లేబుల్ మీద నత్రజని 6 శాతం. దినుసుల కింద చేపలు, నీళ్లు, కొద్దిగా యాసిడ్, అంతే రాశారు. పెన్ను తీశాను. చేప మాంసంలో ప్రొటీన్ నూటికి సుమారు 18 పాళ్లు. ప్రొటీన్‌ని 6.25తో భాగిస్తే నత్రజని వస్తుంది, అంటే 2.9 దగ్గర. ఒక్క చుక్క నీరు కలపకుండా చేపని చేపలాగే డబ్బాలో కుక్కినా మూడుకి చేరదు. వీళ్లు నీళ్లు కలిపి ఆరు తెచ్చారు!

అలా రాకూడదని కాదు. మరిగించి నీరు ఇగిర్చితే చిక్కబడుతుంది, అంకె పెరుగుతుంది. ఎండబెట్టిన రక్తం పొడి కలిపితే పెరుగుతుంది, అందులో నత్రజని 12 శాతం దాకా ఉంటుంది. కానీ ఇగిర్చితే ద్రావణం పాకంలా ఉండాలి, రక్తం పొడి కలిపితే దినుసుల్లో రాయాలి. కంపెనీకి ఉత్తరం రాశాను: నీరు ఎక్కడ ఇగురుస్తున్నారు, ఆ యంత్రం ఫొటో, కరెంటు బిల్లు పంపండి. ఏడాదికి ఎన్ని టన్నుల చేపలు కొన్నారు, ఎన్ని లీటర్లు అమ్మారు, రెండు లెక్కలూ పంపండి. మొదటి జవాబులో కంపెనీ చరిత్ర పంపారు. రెండో జవాబులో రైతులు మెచ్చుకున్న ఉత్తరాలు పంపారు. మూడోదాంట్లో మా మీద కోపం పంపారు. చేపల బిల్లులు మాత్రం రాలేదు. చివరికి దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. అందులో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను అంత పట్టుబట్టడానికి కారణం కాలిఫోర్నియాలో జరిగింది. అక్కడ చేపలతో చేశామని చెప్పిన ద్రవ ఎరువులు సేంద్రియ పొలాల్లోకి ఏళ్ల తరబడి వెళ్లాయి. అందులో ఉన్నది అమ్మోనియం సల్ఫేట్ లాంటి కారు చవక కృత్రిమ ఎరువు. బాగా పేరున్న ఒకదానికి సేంద్రియ ఆమోదం కూడా ఉంది. రైతులకి తెలియదు, పంట బ్రహ్మాండంగా వచ్చేది మరి! 2012లో బాధ్యులకి జైలు శిక్షలు పడ్డాయి. ఈ వ్యవహారం బయటికొచ్చాక 2009లో అమెరికాలో రెండు మార్పులు వచ్చాయి. నత్రజని 3 శాతం దాటిన ద్రవ ఎరువులకి కాగితాలు చాలవు, కార్ఖానాకి వెళ్లి చూడాలి, చెప్పకుండా కూడా వెళ్లాలి అన్నది ఒకటి. కాలిఫోర్నియా రాష్ట్రం సొంతంగా సేంద్రియ ఎరువుల రిజిస్ట్రేషన్, తనిఖీల చట్టం చేసుకోవడం రెండోది. ఆ మూడు ఎక్కడి నుంచి వచ్చిందో ఇందాకటి భాగహారం చూస్తే మీకే తడుతుంది.

ల్యాబ్ పరీక్ష కూడా ఉంది. నత్రజనిలో మామూలుదీ, కొంచెం బరువైనదీ ఉంటాయి. కార్ఖానాలో చేసే ఎరువుకి నత్రజని గాలి నుంచి వస్తుంది కాబట్టి దాని పాళ్లు గాలిని పోలి ఉంటాయి. సముద్రంలో చిన్న ప్రాణిని పెద్ద ప్రాణి తింటూ పోయేకొద్దీ బరువైన నత్రజని పోగవుతుంది, చేపలో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అయితే దీన్ని మాత్రమే పట్టుకుని ఉరి వేయలేం. సోయా లాంటి పప్పుజాతి మొక్కలు కూడా గాలి నుంచే నత్రజని తీసుకుంటాయి, వాటి పిండీ గాలిలాగే చూపిస్తుంది. మళ్లీ ఫైలు తెరిచి దినుసులు చూసుకోవాల్సిందే.

ఇంత చేసినా జారిపోయేవి ఉంటాయి. 2020 డిసెంబరులో కాలిఫోర్నియా వ్యవసాయ శాఖ ఒక సరుకు వాడకం ఆపమంది. సేంద్రియ కలుపు మందుతో కలిపి కొట్టమని అమ్మినది అది, పరీక్షిస్తే గ్లైఫోసేట్, డైక్వాట్ దొరికాయి. రెండూ మామూలు రసాయన కలుపు మందులే. కలుపు మీద మరీ బాగా పనిచేస్తుంటే కాస్త అనుమానించడం తప్పేమీ కాదు.

ప్రశ్న: అదే మందు పక్క రైతుకి సరేనన్నారు. నాకు 'షరతులతో' అని రాసిచ్చారు. పక్షపాతమా?

జవాబు: ఆయన సర్టిఫికెట్ ఏ నియమావళి కిందో, మీది ఏదో ముందు చూడండి. మన దేశపు సేంద్రియ నియమావళి ఎన్‌పీఓపీ 2001 నుంచి ఉంది, అమెరికాది వేరు, యూరప్‌ది వేరు. ఒకదానికిచ్చిన ఆమోదం ఇంకోదానికి చెల్లుతుందనే పూచీ లేదు. రెండు దేశాలకి ఎగుమతి చేసేవాళ్లు రెండిట్లో కఠినమైనదాన్ని పాటిస్తే నిద్ర పడుతుంది.

షరతులు అన్నది అవమానం కాదు. రాగి మందులు చూడండి. బోర్డో మిశ్రమం 1880ల నుంచి ఉంది, తెగుళ్లకి దానికి మించింది ఇప్పటికీ తక్కువే. కానీ రాగి నేలలోంచి ఎక్కడికీ పోదు, ఏటా పేరుకుంటుంది, వానపాములకి చెడు. అందుకని యూరప్‌లో హెక్టారుకి ఏడేళ్లలో 28 కిలోల రాగి దాటకూడదన్నారు. జింకు, బోరాన్ లాంటివి అమెరికా నియమాల్లో లోపం ఉన్నట్టు పరీక్ష కాగితమో, అలాంటి ఆధారమో చూపిస్తేనే. పచ్చి పశువుల ఎరువు వేస్తే, తినే భాగం మట్టికి తగిలే పంటకి కోతకి 120 రోజుల ముందే వేయాలి, తగలని పంటకి 90 రోజులు. మీ చీటీలో షరతు ఏదో రాసే ఉంటుంది, వెనకవైపు చూడండి. వెనకవైపు ఎవరూ చూడరు.

ప్రశ్న: వేప కషాయం ఇంట్లోనే కాస్తాను. కొనేదేమీ లేదు. దీనికీ ఆమోదమా?

జవాబు: కషాయానికి సర్టిఫికెట్ అడగరు, కానీ మీ సాగు ప్రణాళికలో రాయాలి, అందులో పడే ప్రతిదీ అనుమతి ఉన్నదై ఉండాలి. మీ ఉత్తరంలో రెండో పేజీ చివర "ఆకుకి అంటుకోవడానికి గుప్పెడు బట్టల సర్ఫు" అని రాశారు. మీ గొడవంతా ఆ గుప్పెడే! డిటర్జెంట్ పొడి కృత్రిమం, జాబితాలో లేదు. నూనె, క్షారం కలిపి చేసే అసలు సబ్బు, అంటే కొవ్వు ఆమ్లాల పొటాషియం లవణం, ఉంది. రెండూ నురుగొస్తాయి కాబట్టి ఒకటే అనుకుంటాం. సర్ఫు మానేసి మెత్తటి పొటాష్ సబ్బు వాడండి, సర్టిఫికేషన్ వాళ్లకి ముందే చెప్పి వాడండి.

ప్రశ్న: ఆమోదం ఉన్న మందు కొట్టాను. పురుగు నవ్వుకుంటూ తిరుగుతోంది. మీ మీద కేసు వేయొచ్చా?

జవాబు: ఆమోదం అంటే నియమాలకి విరుద్ధం కాదని. పనిచేస్తుందని మేం ఎక్కడా రాయం. పురుగు ఏ దశలో ఉందో రాయలేదు. బి.టి. (పురుగుల్ని చంపే ఒక బాక్టీరియాతో చేసే మందు) లాంటివైతే పిల్ల పురుగు ఆకు తింటేనే పనిచేస్తాయి, ముదిరాక కొడితే ఖర్చే.

ప్రశ్న: కొన్న కంపోస్టు నల్లగా, చక్కటి మట్టి వాసనతో ఉంది. కాగితాలూ సక్రమంగా ఉన్నాయి. వేశాక టమాటా ఆకులు గరిటెల్లా ముడుచుకుపోయాయి. వైరస్సా?

జవాబు: వైరస్ కావచ్చు. కానీ తోటంతా ఒకేసారి, ఎరువు పడ్డ చాళ్లలోనే ముడుచుకుంటే నా అనుమానం కలుపు మందు మీదకి పోతుంది. పచ్చిక బీళ్లలో వెడల్పాకు కలుపు చంపడానికి కొట్టే అమినోపైరలిడ్, క్లోపైరలిడ్ అనే మందులున్నాయి. గడ్డికి ఏమీ కాదు. ఆ గడ్డి తిన్న పశువుకీ ఏమీ కాదు. పేడలోంచి అలాగే బయటికొస్తాయి, కంపోస్టు వేడికి కూడా త్వరగా విరగవు. టమాటా, చిక్కుడు, బఠాణీ వాటికి తట్టుకోలేవు, అతి తక్కువ మోతాదులో కూడా. 2008లో బ్రిటన్‌లో పెరటి తోటలు ఇలా వరసగా పాడయ్యాయి. అమినోపైరలిడ్ అమ్మకం కొన్నాళ్లు ఆపేశారు.

ఫైల్లో ఇది కనిపించదు. వేడి 55 డిగ్రీలు దాటిందా, ఆ వేడిలో పదిహేను రోజులుంచి ఐదుసార్లు తిరగేశారా అని అన్నీ చూస్తాం, అన్నీ సక్రమంగానే ఉంటాయి. పశువు తిన్న గడ్డి మీద ఎవరు ఏం కొట్టారో ఆ పశువు యజమానికే తెలియకపోవచ్చు.

మీరు ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఉంది. ఆరు కుండీలు తీసుకోండి. మూడింట్లో ఈ కంపోస్టు, మట్టి సగం సగం. మూడింట్లో మీకు నమ్మకమున్న మట్టి మాత్రమే. ఒక్కోదాంట్లో మూడేసి చిక్కుడు గింజలు నాటండి. ఒక కుండీ నీళ్లు ఇంకోదాంట్లోకి కారకుండా పళ్లేలు విడిగా పెట్టండి. మొదట వచ్చే రెండు ఆకులు చూసి తొందరపడకండి, ఆ తర్వాత వచ్చే మూడాకుల జతలు చూడాలి. మూడు వారాలు ఆగండి. కంపోస్టు కుండీల్లో మాత్రమే ఆకు అంచులు లోపలికి ముడుచుకుని, ఈనెలు దగ్గరైతే మిగిలిన ఎరువు వేయకండి. ఫొటోలు తీసి అమ్మినవాళ్లకీ, సర్టిఫికేషన్ వాళ్లకీ ఒకే రోజు పంపండి.

ప్రశ్న: తెలియక వద్దన్న ఎరువు ఒక ఎకరంలో వేశాను. చెబితే మూడేళ్లు పోతాయని టెన్షన్‌గా ఉంది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఏం చేయమంటారు?

జవాబు: చెప్పండి. ఎకరం మాత్రమే కాబట్టి ఇంకా ముందు చెప్పండి. అమెరికా నియమంలో వద్దన్నది పడ్డ నేలకి కోతకి ముందు మూడేళ్లు లెక్క. యూరప్‌లో సాధారణంగా ఏడాది పంటలకి విత్తడానికి ముందు రెండేళ్లు, చెట్లకి కోతకి ముందు మూడేళ్లు. ఆ లెక్క ఆ ఎకరానికి. దాచాక బయటపడితే మిగతా ఎకరాల మీద కూడా నమ్మకం పోతుంది, అప్పుడు సర్టిఫికెట్టే పోవచ్చు. ఏ సరిహద్దు దాకా వేశారో గుర్తున్నప్పుడే గట్టు వెంబడి నడిచి నోటుబుక్కులో గీసుకోండి.

తప్పు ఒప్పుకోవడం గురించి నేను పైనుంచి చెప్పడం లేదు. నేనూ ఒకటి చేశాను. ఒక నాచు ద్రావణానికి సంతకం పెట్టాను. నాచు, నీళ్లు, క్షారం, అంతా సరిగ్గా ఉంది. మరుసటేడు రెన్యువల్‌కి వచ్చినప్పుడు వాళ్లు నాచు పొడి కొనే చోటు మార్చినట్టు ఒక వాక్యం కనిపించింది. మారింది ఆ ఏడాది కాదు, నేను మొదటిసారి సంతకం పెట్టేనాటికే మారింది. కొత్తవాడి పొడిలో బూజు పట్టకుండా ఫార్మాల్డిహైడ్ కలుపుతున్నాడు. పాతవాడి కాగితం చూసి కొత్తవాడి సరుకుకి నేను సరేనన్నాను, కాగితం మీద తేదీ చూడలేదు. మా పైవాళ్లకి ఆ సాయంత్రమే చెప్పాను. ఆమోదం రద్దయింది, వాడిన రైతులందరికీ ఉత్తరాలు వెళ్లాయి.

ఆ రైతుల్లో బిల్లు, బ్యాచ్ నంబరు, లేబుల్ దాచుకున్నవాళ్ల సంగతి వారంలో తేలింది. వాళ్ల బ్యాచ్ పాత పొడితో చేసిందా, కొత్తదాంతోనా అని చూడగలిగాం. డబ్బా పారేసినవాళ్లు ఎప్పుడు కొన్నదీ గుర్తు తెచ్చుకోలేక చాలా తిప్పలు పడ్డారు. ఒకావిడ మాత్రం ఖాళీ డబ్బానే బస్సులో పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టింది. లేబుల్ సగం ఊడింది, బ్యాచ్ నంబర్లో చివరి రెండు అంకెలు ఎలక కొరికేసింది. మిగతా అంకెలతో ఆవిడ బ్యాచ్ దొరికింది, పాత పొడిదే.

మీ డబ్బా ఇంకా ఉందా? లేబుల్ ఊడకముందే ఫొటో తీయండి. నాలుగు వైపులా, అడుగున కూడా, కొన్ని కంపెనీలు బ్యాచ్ నంబరు అక్కడ కొడతాయి.